మామ కూర్చున్న సినిమా

ఏమీ జరగని సినిమాలంటే నాకు ప్రాణం. ఈ మాట ఎవరితో అన్నా వెంటనే ఒకటే ప్రశ్న. "మరి కథేంది?" కథ లేదు నాయనా! ఒకడు ఉంటాడు. పొద్దున లేస్తాడు, టీ తాగుతాడు, స్నేహితుడిని చూసొద్దామని పోతాడు. స్నేహితుడు ఇంట్లో ఉండడు. తిరిగొస్తాడు. అంతే. వాడు కలెక్టరు కాడు, పగ తీర్చుకోడు, ప్రేమించిన పిల్ల కోసం రైలు వెంట పరుగెత్తడు. అలాంటివాణ్ని తెర మీద చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే ఒకప్పుడు జవాబు తెలియక కోపం తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు కోపం లేదు, జవాబు ఉంది.

ప్రొద్దుటూరులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. నాలుగు గంటల పెళ్లి మొత్తం కూర్చి బటన్ నొక్కాక, ఫైలు తయారయ్యేదాకా ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అలుగుతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆ ఖాళీ మధ్యాహ్నాలలో ఫోన్‌లో ఎక్కడెక్కడి దేశాల సినిమాలో చూసేదాన్ని. అలా ఒకరోజు పొరపాటున ఒకటి తగిలింది. ఇద్దరు మనుషులు ఒక పాత కుర్చీని మోసుకుని ఊరంతా తిరుగుతారు, ఎవరికైనా ఇచ్చేద్దామని. ఎవరూ తీసుకోరు. చివరికి వీధిలో వేసుకుని వాళ్లే వంతులవారీగా కూర్చుంటారు. భాష ఒక్క ముక్క తెలియదు, అయినా నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. వాళ్లలో పొట్టివాడు అచ్చం మా మామ.

మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ల పల్లె కొండాపురం వైపు. గండికోట జలాశయం నీళ్లలో అది మునిగిపోయాక మామ జమ్మలమడుగులో ఒక గది తీసుకుని ఉంటున్నాడు. పెళ్లి చేసుకోలేదు. వద్దని కాదు, చేసుకుందాంలే అనుకుంటూ ఉండిపోయాడు. పొద్దున ఎనిమిదికల్లా బస్టాండులో సిమెంటు బెంచీ మీద ఉంటాడు. పక్కన ఇద్దరు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు, ఇంకొకాయన పరుపులు కుట్టే సాయిబు. ముగ్గురూ వచ్చే బస్సులనూ పోయే బస్సులనూ చూస్తారు. ఎండ బెంచీ మీదికి వస్తే అవతలి బెంచీకి మారతారు. ఆ రోజుకు వాళ్లు చేసే ప్రయాణం అదే.

మా అమ్మకు ఇది తల కొట్టేసినట్టుండేది. భూములున్న ఇంట్లో పుట్టి, నలుగురికి పంచాయతీ చెప్పిన తాత మనవడై ఉండి, ఇలా బెంచీ మీద కూర్చోవడమేమిటని ఆమె బాధ. "మీ తమ్ముడు ఏం చేస్తాడు?" అని అడిగినవాళ్లకు మనిషికొక అబద్ధం చెప్పేది. ఒకరికి భూములు చూసుకుంటున్నాడని, ఇంకొకరికి కాంట్రాక్టులని, మరొకరికి రాజకీయాల్లో తిరుగుతున్నాడని. ఆ మూడోది నమ్మినవాళ్లు మామ ఎదురైతే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేవాళ్లు. ఎందుకు పెడుతున్నారో మామకు ఎప్పటికీ తెలియలేదు, తిరిగి పెట్టేవాడు.

ప్రతి ఆదివారం బొరుగుల పొట్లం పట్టుకుని ప్రొద్దుటూరులో మా ఇంటికి అన్నానికి వచ్చేవాడు. అన్నం తిన్నంతసేపూ అమ్మ తిడుతూనే ఉండేది, తిడుతూనే మూడుసార్లు వడ్డించేది. మామ తల ఊపుతూ తినేవాడు. "రేపట్నుంచి ఏదన్నా చూస్తాలే అక్కా," అనేవాడు. ఆ రేపు వస్తుందని ఇద్దరిలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇద్దరూ సంతోషంగానే ఉండేవాళ్లు.

మా అన్న పెళ్లి పులివెందుల అమ్మాయితో జరిగింది. పెద్దింటి సంబంధం. వాళ్లకు అమ్మ చెప్పింది కాంట్రాక్టుల అబద్ధం. ఆ పెళ్లి వీడియో నేనే ఎడిట్ చేశాను. మా వైపు పెళ్లయితే అయిపోయినట్టు కాదు. వీడియో వచ్చినరోజు రెండు వైపుల బంధువులూ మళ్లీ చేరి, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. ఎవరెవరు వీడియోలో ఎన్నిసార్లు పడ్డారో లెక్క. "నేను రెండుసార్లే పడినా, ఆమె ఆరుసార్లు పడింది," అని అలిగినవాళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు.

అమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తలంబ్రాల దగ్గర మామ కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"అది తీసెయ్," అంది అమ్మ. "పులివెందులోల్లు చూస్తే మన మానం పోతాది."

తీసేశాను. కాసేపటికి, బంతిలో కూర్చుని ఆకు వైపు చూస్తూ ఏదో ఆలోచిస్తున్న మామ. "ఈడ గూడా." తీసేశాను. అన్నను పెండ్లికొడుకును చేసినరోజు మేనమామగా కొత్తబట్టలు పెట్టింది ఆయనే. ఆ ముక్కలో చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. "అయ్యో, అదీ తీసెయ్ మే, ఏం మనిషో!" అంది. నా నోరు ఊరికే ఉండే నోరు కాదు, కానీ ఆరోజు ఎందుకో ఊరికే ఉంది. తీసేశాను. చివరికి నాలుగు గంటల పెళ్లిలో మామది ఒక చెయ్యి మిగిలింది, బట్టల పళ్లెం పట్టుకున్న చెయ్యి. అది ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తీసేసిన ముక్కలను పారేయలేక పక్కన దాచాను.

వీడియో చూసేరోజు మామ తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాడు. నాలుగు గంటలూ కదల్లేదు. తన మేనల్లుడికి కొత్తబట్టలు పెట్టే చోటు వచ్చినప్పుడు కొంచెం ముందుకు వంగాడు. పళ్లెం, చెయ్యి, వెంటనే మేళగాళ్లు. మామ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. అంతా అయ్యాక లేచి, నా దగ్గరికి వచ్చి, "భోజనాలు బాగా తీసినావు పాపా," అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. అమ్మ ఫోన్ చేస్తే, "రేపొస్తాలే అక్కా," అనేవాడు. అమ్మ ఫోన్ పెట్టేసి, "రాకపోతే పాయె, పీడ వదిలె," అనేది. కానీ ప్రతి ఆదివారం ఒక మనిషికి సరిపడా బియ్యం ఎక్కువ పడేది. సాయంత్రానికి ఆ అన్నం అలాగే ఉండేది. దాన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసేది. కోసింది నా చెయ్యి కదా!

అప్పుడు అర్థమైంది నాకు ఆ సినిమాలంటే ఎందుకంత ప్రాణమో. నేను రోజంతా పెళ్లిళ్లలోంచి కోసి పారేసే మనుషులే వాళ్లు. ఆవులించేవాళ్లు, దిక్కులు చూసేవాళ్లు, పనిలేక స్తంభానికి ఆనుకున్నవాళ్లు. ఆ సినిమాల్లో వాళ్లను ఎవరూ కోయరు.

మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, స్టూడియో కెమెరా బీరువాలో పడి ఉంది. ఓనరును అడిగి తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. మామ బెంచీ మీద నాకు చోటిచ్చాడు. సినిమా తీస్తానని చెప్పాను. కథ కూడా చెప్పాను. ముగ్గురు మనుషులు పులివెందులకు పోవాలనుకుంటారు. కానీ పోరు.

మామ నా వైపు తిరిగాడు. "అక్క చూస్తాదా?"

"చూస్తుంది మామా."

"హాల్లోనా? పదిమందిలో కూర్చోని?"

"నేను చూపిస్తా."

"అయితే సరే. నన్ను మాత్రం కొయ్యగాకు పాపా."

ఆయనకు అంతా తెలుసు. ఒక్క ముక్క కూడా కోయనని ఒట్టు పెట్టాను.

"ఇంగోటి," అన్నాడు మామ, ఎదురుగా ఆగిన బస్సును చూస్తూ. "నన్ను చూసి జనం లేచిపోతే, అక్కకు అంతకంటే నామర్దా ఏముంటాది? అట్ల జరిగితే నేను మళ్ల మీ ఇంటి గడప తొక్కను. ముందే చెప్తాండా."

మామ ఏ విషయంలోనూ ఇంత ఖచ్చితంగా మాట్లాడటం నేను వినలేదు. భయం వేసింది. అయినా కెమెరా తీశాను.

తీసిన రోజుల గురించి చెప్పాలంటే నవ్వొస్తుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోండి అంటే కండక్టరాయన నటించడం మొదలుపెట్టాడు. గుండె మీద చెయ్యి వేసుకుని ఆకాశం చూశాడు. సాయిబు మీసం దువ్వాడు. మామ ఒక్కడే కెమెరాను మరిచిపోయి, ముప్పై ఏళ్లుగా ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నాడు. "ఏమప్పా, ఊరికే ఉండేది గూడా తెలీదా మీకు?" అని వాళ్లిద్దరినీ కసిరాడు. రెండు రోజుల్లో వాళ్లకూ వచ్చేసింది.

ఒక విలేకరి వచ్చాడు. మామను ఎంతో జాలిగా చూసి, "ఊరు మునిగిపోయినందుకే కదా పెద్దాయనా, మీరు ఇట్ల అయిపోయింది?" అని అడిగాడు.

"లేదప్పా," అన్నాడు మామ. "నీళ్లు రాకముందు గూడా నేను ఇట్లనే ఉంటి."

విలేకరి పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ముక్క నా సినిమాలో ఉంది.

ఇంకొక ముక్క గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక మధ్యాహ్నం తీస్తుండగా తెల్లజీపు ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి బెంచీ ముందు ఆగింది. నేను పిలిపించింది కాదు. తలుపు తెరుచుకుని ఒకాయన దిగాడు, పులివెందులకు దారి అడిగాడు, మామ చెప్పాడు, పోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది. బాగుందని ఉంచేశాను. పోస్టరుకు కూడా అందులోంచే ఒక బొమ్మ తీశాను. మామ ముఖం అందులో చక్కగా పడింది. ముందు ముగ్గురూ బెంచీ మీద, వెనకాల సగం తలుపు తెరిచిన తెల్లజీపు. పైన "పులివెందుల బస్సు" అని సినిమా పేరు ఎర్రటి అక్షరాలలో.

ప్రొద్దుటూరులో ఒక సినిమా హాలు మేనేజరు దగ్గరికి పోయాను. రావలసిన కొత్త సినిమా వాయిదా పడి ఆయన తల పట్టుకుని ఉన్నాడు.

"హీరో ఎవరు?"

"మా మామ."

"విలనో?"

"లేడు."

"ఎంతమందిని చంపుతారు?"

"ఒక్కరిని కూడా చంపరు."

"కడప జిల్లా సినిమాలో చంపకపోతే ఎట్లమ్మా?" అన్నాడు నిజంగానే బాధపడుతూ. చివరికి ఆదివారం మార్నింగ్ షో ఒక్కటి ఇచ్చాడు. జనం లేకపోతే మధ్యలో ఆపేస్తానని షరతు.

ఆదివారం పొద్దున హాలు ముందు జాతర! మైదుకూరు నుంచి, పెద్దముడియం నుంచి, ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు మోటారు సైకిళ్ల మీద దిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. టికెట్ల వరుస దగ్గరికి పోయి చెవి పెట్టాను.

"ముగ్గుర్లో ఫస్టు ఎవర్ని నరుకుతారంటావురా?"

"మధ్యలో కూర్చున్నాడే, ఆయప్పని. చూడు, అమాయకంగా ఎట్ల కూర్చున్నాడో!"

పోస్టరు వైపు చూశాను. తెల్లజీపు, ఎర్ర అక్షరాలు, పులివెందుల పేరు! మా ఊళ్ల గురించి సినిమావాళ్లు తీసినవన్నీ చూసి చూసి, తెల్లబండి ఆగిందంటే తలకాయ తెగుతుందనే మావాళ్లు కూడా నమ్ముతారు. పొద్దున్నే అలాంటి జీపు పక్కన నిలబడి టీ తాగి వచ్చినవాడు కూడా హాల్లో కూర్చుంటే నమ్ముతాడు. నా తెలివి తక్కువతనానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

అమ్మ వచ్చింది. పక్కన పులివెందుల నుంచి మా అన్న అత్తగారు. వాళ్ల ఊరి పేరు పోస్టరు మీద చూసి ముచ్చటపడి, అమ్మ వద్దన్నా వినకుండా వచ్చింది. మామ చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ఎప్పుడైనా లేచి పోవడానికి తయారుగా ఉన్నాడు. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు చూసుకోలేదు.

మొదటి పావుగంట నరకం. తెర మీద ముగ్గురూ కూర్చున్నారు. బస్సు వచ్చింది. "పోదామా?" అన్నాడు కండక్టరాయన. "రేపు పోదాంలే," అన్నాడు మామ. బస్సు పోయింది. హాల్లో ఎవడో, "ఇంగెప్పుడు మొదలవుతాదప్పా?" అని అరిచాడు. ఇద్దరు లేచారు. వెనక్కి చూస్తే మామ కుర్చీ అంచుకు జరిగి, కాళ్లతో చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు తెర మీద సాయిబు బెంచీ కింద నుంచి గోనెసంచి లాగాడు. లేచిన ఇద్దరూ నిలబడిపోయారు. సంచి మూతి విప్పాడు. "వచ్చెరా, కొడవలి!" అన్నాడొకడు. హాలంతా ముందుకు వంగింది. సాయిబు లోపలికి చెయ్యి పెట్టి, నిదానంగా ఒక దిండు తీశాడు. నడుము వెనకాల పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎక్కడో ఒకడు ఫక్కుమన్నాడు. ఆ తర్వాత హాలు మొత్తం. లేచిన ఇద్దరూ కూర్చున్నారు. మామ కాళ్లు చెప్పులను వెతకడం మానేశాయి.

అంతటితో వాళ్లకు సంగతి అర్థమైందనుకున్నాను. ఎక్కడ! తెల్లజీపు దుమ్ములోంచి వచ్చేసరికి మళ్లీ ఊపిరి బిగబట్టారు. జీపు ఆగింది. తలుపు తెరుచుకుంది. కాలొకటి కిందికి దిగింది. మామ మాత్రం దూరంగా ఎవరి మేకనో చూస్తూ కూర్చున్నాడు. హాల్లో ఈగ వాలితే వినపడుతుంది.

ఆ నిశ్శబ్దంలో మా అమ్మ లేచి నిలబడింది.

"లేయ్‌రా తమ్ముడా!" అని గొంతు పగిలేలా అరిచింది. "ఒరే నాయనా, లేయ్! పరిగెత్తరా! నా తమ్మున్ని చంపుతాండారు, ఎవరన్నా పట్టుకోండప్పా!"

తెర మీద మామ మెల్లగా తల తిప్పాడు. జీపాయన, "పులివెందులకు దారెట్లబ్బా?" అన్నాడు. "నేరుగా పో నాయనా," అన్నాడు మామ. "మేమూ ఆడికే పోవాల. తొందరేం లేదులే."

హాలు బద్దలైంది. అంత నవ్వు, అన్ని ఈలలు, ఏ హీరో తెర మీదికి వచ్చినప్పుడూ నేను వినలేదు. కుర్చీల మీదికి ఎక్కారు. కాగితాలు చింపి ఎగరేశారు. మేనేజరు పరుగున లోపలికి వచ్చి, ఏమైందో తెలియక తానూ ఈల వేశాడు. అమ్మ నిలబడే ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నవ్వుతూ, వెనక్కి తిరిగి, చీకట్లో తమ్ముడి కోసం వెతుకుతోంది. నేను గెలిచాను! ఆ మాట అనుకోవడానికి నాకేం సిగ్గులేదు.

ఆ తర్వాత సినిమా నాది కాదు, హాలుది. బస్సు వచ్చినప్పుడల్లా మామ నోరు తెరవకముందే హాలంతా ఒక్క గొంతుతో, "రేపు పోదాంలే!" అంది. చివర్లో ముగ్గురూ నిజంగానే లేచి, పంచెలు దులుపుకుని, బస్సు మెట్టు దాకా పోయారు. "ఎక్కండప్పా! ఎక్కండి!" అని కేకలు. కండక్టరాయన లోపలికి తొంగిచూసి, "సీట్లు లేవు," అన్నాడు. ముగ్గురూ తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ముగింపు అంతే. దానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేనేజరు మ్యాట్నీ కూడా ఇదేనని గేటు దగ్గర అరిచి చెప్పాడు.

బయట మామ చుట్టూ కుర్రాళ్లు ఫొటోల కోసం మూగారు. అన్న అత్తగారు అమ్మ మోచెయ్యి పట్టుకుని అడిగింది.

"వదినా, మీ తమ్ముడు కాంట్రాక్టులు చేస్తాడంటివే?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది, తల ఎత్తింది.

"అబద్ధం చెప్పినా వదినా. మా తమ్ముడు ఏమీ చెయ్యడు," అంది, పది మందికి వినపడేలా. "పుట్టినప్పట్నుంచీ ఏమీ చెయ్యలేదు. చూస్తివి గదా, ఎట్ల కూర్చుంటాడో!"

ఆమె జనాన్ని తోసుకుంటూ పోయి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నా వైపు తిరిగి, "ఆ పెండ్లి ముక్కలు ఉండాయా, పారేస్తివా?" అంది.

"ఉన్నాయి."

"అన్నీ పెట్టు. నిద్రపోయేది గూడా." తర్వాత మామతో, "పా, ఇంటికి పోదాం. అన్నం ఉండాది."

మామ అలవాటుగా నోరు తెరిచాడు. "రేపొ..."

హాలు ముందున్న జనమంతా, "రేపు పోదాంలే!" అని అందుకున్నారు.

"రేపు లేదు, గీపు లేదు. ఎక్కు," అంది అమ్మ, ఆటో తలుపు పక్కన నిలబడి.

మామ ఆటో వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. జనం ఊపిరి బిగబట్టారు. మామ పంచె కొంచెం పైకి పట్టుకుని, వంగి, లోపలికి ఎక్కి కూర్చున్నాడు.

"ఎక్కినాడప్పా!" అని వీధి మొత్తం ఈలలు వేసింది. అమ్మ పక్కన కూర్చుంది. నేను డ్రైవరు పక్కన ఇరుక్కుని మా వీధి పేరు చెప్పాను.